రెండు వారాల తర్వాత రండి

ఆటోనగర్‌లో లారీ స్పేర్‌పార్టుల కొట్టు కౌంటర్ దగ్గర పదిహేనేళ్లుగా నిలబడే జయకృష్ణని ఊళ్లో చాలామంది ఓ నెగెటివ్ అన్నయ్య అంటారు. అతనిది అరుదుగా దొరికే ఆ గ్రూపు రక్తం. ఏ ఆసుపత్రి నుంచి ఫోనొచ్చినా యజమానికి ఓ మాట చెప్పి, బండి తీసి, వెళ్లి ఇచ్చి వచ్చేవాడు. అలా ఇరవై ఏడు సార్లు ఇచ్చాడు. చివరిసారి జనవరిలో, ఇబ్రహీంపట్నం అమ్మాయి మనోజ్ఞకి. కాన్పులో రక్తం బాగా పోయిందని ఆమె భర్త కిరీటి ఏడుస్తూ ఫోన్ చేశాడు. తల్లీబిడ్డా బతికారు. అప్పట్నుంచీ కిరీటి వారానికోసారైనా పాప ఫొటో పంపుతూనే ఉన్నాడు.

ఏప్రిల్లో జయకృష్ణకి జ్వరం పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోయేది. మెడకి రెండువైపులా గడ్డలు తేలాయి. మెతుకు మింగాలంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఒక ల్యాబ్ డెంగీ అంది. పది రోజులకి ఇంకో ల్యాబ్ డెంగీ కాదు, టైఫాయిడ్ అంది. రెండింటికీ వైద్యమైంది గానీ జ్వరం కదల్లేదు. రోహిణి కార్తె ఎండల్లో అతను దుప్పటి కప్పుకుని వణుకుతుంటే, భార్య భానుశ్రీ ఇక లాభం లేదని కంకిపాడు నుంచి బెజవాడకి ఆటో మాట్లాడి, డాక్టర్ రాజేశ్వరి దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ వరసగా వైరస్ పరీక్షలు రాసింది.

"జయకృష్ణ గారూ, కంగారు పడకండి," అని డాక్టర్ మొదలుపెట్టింది.

హెచ్‌ఐవీ పరీక్ష రియాక్టివ్ అని వచ్చింది.

"ఈ పరీక్షలో అంకె ఒకటి దాటితే రియాక్టివ్, అంటే ఉండొచ్చు అని రాస్తారు. మీది ఒకటిన్నర. నిజంగా ఉన్నవాళ్లకి మామూలుగా ఇంతకంటే చాలా ఎక్కువ వస్తుంది. దీన్నిబట్టి ఏమీ అనుకోవద్దు. పెద్దాసుపత్రిలో వేరే కిట్లతో మళ్లీ చేయించుకోండి. ఇంకో వైరస్ రిపోర్టు కూడా రావాలి."

మొదటి మాట తర్వాత అతనికేమీ ఎక్కలేదు. వరండాలోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భానుశ్రీ పక్కన కూర్చుని చాలాసేపు రిపోర్టు వంకే చూసింది.

"నాకు చెప్పాల్సిందేమన్నా ఉందాండీ?"

"లేదు భానూ. ఒట్టు."

"సరే. రేపు ఇద్దరం చేయించుకుందాం," అని లేచింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రశ్న మళ్లీ వేయలేదు.

పెద్దాసుపత్రిలో కౌన్సెలర్ బ్లెస్సీ తలుపు దగ్గరికి వేసి, నెమ్మదిగా చెప్పింది. భానుశ్రీకి ఏమీ లేదు. అతనిది మాత్రం మూడు కిట్లతో చేస్తే ఒకటి ఉందంది, ఒకటి లేదంది, మూడోది మళ్లీ ఉందంది.

"ఉన్నట్టా, లేనట్టా?"

"ఇంకా తేలలేదండీ. రెండు వారాల తర్వాత రండి, మళ్లీ చేద్దాం."

జయకృష్ణ లేవలేదు. "అది కాదమ్మా. జనవరిలో ఒకమ్మాయికి రక్తమిచ్చాను. చంటిబిడ్డ తల్లి."

బ్లెస్సీ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ప్రతి సీసానీ పరీక్షించాకే ఎక్కిస్తారు. అయినా నూటికి నూరుపాళ్లూ అని నేను చెప్పకూడదు. ముందు మీ సంగతి తేలనివ్వండి."

ఆ రెండు వారాలూ అతనికి జ్వరం మీద ధ్యాసే లేదు. తను ఎవరెవరికి రక్తమిచ్చాడో గుర్తు చేసుకుంటూ కూర్చునేవాడు. బస్సు కిందపడ్డ కంకిపాడు రైతు, డయాలిసిస్ మీదున్న పంతులుగారు. కొందరి మొహాలు కూడా తెలీవు. మధ్యలో రాజేశ్వరి ఫోన్ చేసింది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ తాలూకు రిపోర్టు పాజిటివ్ వచ్చిందట. గడ్డలూ, జ్వరమూ దానివల్లే కావచ్చట. మొదటి పరీక్షని తప్పుదోవ పట్టించింది కూడా అదే కావచ్చట.

"కావచ్చు అంటే?"

"రెండూ కలిసి కూడా ఉండొచ్చు. మళ్లీ చేసే పరీక్ష ఫలితం రాకుండా నేను మాటివ్వలేనండీ."

ఆ మర్నాడే కిరీటి ఫోన్. పాపకి అన్నప్రాసన, అన్నయ్య రాకుండా ఎలా అని. జయకృష్ణ మోగుతున్న ఫోన్ని చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ మోగింది. మూడోసారి భానుశ్రీ తీసి, "ఆయనకి ఒంట్లో బాగాలేదు తమ్ముడూ" అని పెట్టేసింది.

"చెప్పేద్దామా?" అన్నాడతను.

"ఏమని చెప్తారు? తేలందాన్ని?"

పద్నాలుగో రోజున మళ్లీ రక్తం తీశారు. బయట బెంచీ మీద ఇద్దరూ గంటన్నర కూర్చున్నారు. బ్లెస్సీ తలుపు తీసి, పిలవకుండా తనే బయటికొచ్చింది.

"మూడూ లేదనే అన్నాయండీ."

భానుశ్రీ పమిట నోటికడ్డం పెట్టుకుంది. జయకృష్ణ "మళ్లీ చూడండమ్మా" అన్నాడు. ఆమె కాగితం చేతిలో పెట్టి చూపించింది.

ఆ కాగితం పట్టుకెళ్తే రాజేశ్వరి విడమర్చి చెప్పింది. కొత్త వైరస్ ఒంట్లో దూరినప్పుడు రక్తంలో దానికి విరుగుడు పదార్థాలు కుప్పలుగా తయారవుతాయి. వాటిలో కొన్ని వేరే జబ్బు కిట్‌కి కూడా కాస్త అతుక్కుంటాయి. డెంగీ అన్నదీ బహుశా అలాగే.

"అంటే మేడం, వేరే బండి బోల్టు రెండు చుట్లు ఎక్కి ఆగిపోయినట్టా?"

"అచ్చంగా అంతే," అని ఆవిడ నవ్వింది. నీరసం తగ్గడానికి ఇంకా రెండు నెలలు పట్టొచ్చని, బరువులెత్తొద్దని చెప్పి పంపింది.

ఇంటికి రాగానే అతను కిరీటికి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"భయమేసింది తమ్ముడూ," అన్నాడు జయకృష్ణ. ఫోన్ కట్ అయింది.

మూడు రోజులపాటు కిరీటి నుంచి ఏమీ లేదు. అన్నప్రాసన రోజు కూడా వచ్చి వెళ్లిపోయింది. నాలుగోరోజు పొద్దున మెసేజ్ వచ్చింది. మనోజ్ఞ రక్తపరీక్ష కాగితం, పాపది ఇంకోటి. రెండిట్లోనూ ఏమీ లేదు. కింద ఒక్క అక్షరమైనా రాయలేదు.

అతను ఆ రెండు కాగితాల్నీ పెద్దవి చేసి, పేర్లు, తేదీలు, ఫలితం, అన్నీ చదివాడు. తర్వాత ఫోన్ భానుశ్రీకిచ్చి, గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె చదివి, వంటింట్లోకి వెళ్లి, గంజిలో ఉప్పు కలిపి తెచ్చింది. గొంతు ఇంకా నొప్పి పెడుతూనే ఉంది. గుటక గుటకకీ ఆగుతూ, అడుగంటా తాగాడు.