దించకూడని చొక్కాలు

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణాన ఉన్న బొగ్గు ఊరు కార్డెన్. అక్కడి గని స్నానశాలలో అలమరలు లేవు. గనిలోకి దిగబోయే మనిషి ఇంటి నుంచి వేసుకొచ్చిన బట్టలు విప్పి కొక్కేనికి తగిలిస్తాడు. గొలుసు లాగి కొక్కేన్ని పైకప్పు దాకా ఎక్కించి, తాళం వేసుకొని వెళ్తాడు. సాయంత్రం వచ్చి దించుకుంటాడు. రాకపోతే ఆ బట్టలు అక్కడే వేలాడతాయి. భార్యో, తల్లో, బిడ్డో వచ్చి గొలుసు వదిలేవరకు మరొక చెయ్యి వాటిని తాకదు. ఈ నియమాన్ని ఎవరూ రాసిపెట్టలేదు, మీరినవారూ లేరు.

అగాథా జుపాన్ బడిపిల్లగా ఉన్నప్పుడే, గని పేలిన వారం, తండ్రి లోయ్‌జె చొక్కాను అలా దించుకొని ఇంటికి తెచ్చింది. తరువాత షికాగోలో ఫలహారశాల గిన్నెలు కడుగుతూ చిత్రకళ నేర్చింది. పనిలేని చిత్రకారులకు కూలి ఇచ్చి ప్రభుత్వం గోడల మీద బొమ్మలు వేయిస్తున్న 1937లో, సొంత ఊరి గ్రంథాలయం గోడ ఆమె వంతుకు వచ్చింది.

ఆమె వేసిన బొమ్మ ఇది: మబ్బు తునకైనా లేని నీలాకాశం. అందులోంచి దిగిన గొలుసులు. వాటికి చొక్కాలు, లోపల మనుషులు లేకున్నా భుజాలు నిండుగా ఉబ్బి ఉన్నాయి. కింద పచ్చికలో పొడవాటి విందు బల్ల. దాని చుట్టూ పెద్దమనుషులు బొగ్గు గడ్డలను కత్తితో కోసి, ముల్లుగరిటెతో తింటున్నారు.

గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడూ, గనికి మేనేజరూ ఒక్కడే, విట్కోంబ్ సేయర్. అతడు వచ్చి చూశాడు.

"బల్ల బాగుంది, గడ్డి బాగుంది. మేం తినేది బొగ్గా? సరే, సరదా అనుకుంటాం. ఆ చొక్కాలేంటి మిస్ జుపాన్, చాకిరేవా?"

"స్నానశాల, సేయర్ గారూ."

"స్నానశాలకి కప్పుంటుంది. ఇది పారిస్ చిత్రకారుల పిచ్చి. ఆదివారంలోగా అవి చెరిపేసి మబ్బులు వెయ్యండి. లేదంటే గోడంతా సున్నం కొట్టిస్తా, మీ పనీ ఉండదు."

ఎంత దూరదృష్టి! ఆ బొమ్మను వింత కలగా చూసినంతసేపు అతనికి నవ్వు వచ్చింది. అందులో తన గని కనబడగానే సున్నం గుర్తుకు వచ్చింది. షికాగో పత్రిక ఒకటి ఆ చిత్రాన్ని 'ఎవరికీ అర్థంకాని కల' అని రాసింది. ఆ కత్తిరింపు నేటికీ భద్రంగా ఉంది. రాసినవాడు కార్డెన్‌లో ఒక్క మనిషినైనా అడిగిన జాడ అందులో లేదు.

ఇంట్లో తల్లి తెరేజియా అక్రోటు రొట్టెకు పిండి పలచగా సాగదీస్తూ సేయర్ బెదిరింపు సంగతి విన్నది.

"మబ్బులు వేసి రావే. ఇంట్లో సంపాదించేది నువ్వొక్కదానివి."

"అందులో నాన్న చొక్కా ఉందమ్మా."

తెరేజియా చేతులు కడుక్కొని, శాలువా కప్పుకొని బయటకు వెళ్లింది. ఏ ఏ ఇళ్లకు వెళ్లిందో చెప్పలేదు.

ఆదివారం ప్రార్థన ముగియగానే గని వితంతువులందరూ చర్చి నుంచి నేరుగా గ్రంథాలయానికి వచ్చారు. ముందు నడిచింది మారిచ్కా బెర్తోన్సెల్.

"ఇదిగో, మా ఫ్రాంట్స్‌ది! మోచేతి దగ్గర మాసిక నాదే."

"నీ కుట్టయితే ఈపాటికి ఊడిపోయేది," అన్నది పక్కనున్న ఊర్షుల. "అది మా వాడిది. కాలరు చూడు."

"మీ వాడికి మెడ ఎక్కడుందే కాలరు పెట్టుకోడానికి!"

నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరు ఒక్కొక్క చొక్కా కింద నిలబడ్డారు. తండ్రిది తప్ప మిగిలిన ప్రతి మాసికనూ అగాథా ఊహించి వేసింది. చెప్పబోతే తల్లి మోచేత్తో పొడిచింది.

"నోర్మూసుకో. వాళ్ల మొగుళ్ల చొక్కాలు వాళ్లకి తెలీవూ?"

సేయర్ వచ్చేసరికి హాలు నిండి ఉంది. వెంట సున్నం బకెట్టుతో ఊరి మేస్త్రీ పాస్కో.

"కొట్టు," అన్నాడు సేయర్.

పాస్కో బకెట్టు కింద పెట్టాడు. "వీటి తాలూకు వాళ్లు ఇక్కడే ఉన్నారు సార్. వాళ్లు దించమంటే దించుతా."

"అవి బొమ్మలయ్యా!"

"నాకూ కళ్లున్నాయి సార్."

సేయర్ అగాథా వైపు తిరిగాడు. "కుంచె మీ చేతిలోనే ఉంది. మబ్బులు వేస్తారా, ఇంటికి పోతారా?"

అగాథా తల్లి వైపు చూసింది. తెరేజియా తల అడ్డంగా ఊపింది.

"మా నాన్నది ఒకసారి దించాను, సేయర్ గారూ. ఇంక దించను. మిగతావి దించడానికి నేనెవర్ని?"

"అయితే రేపటి నుంచి రావద్దు."

అతడు మేస్త్రీ కోసం గుమ్మం దగ్గర ఆగాడు. పాస్కో టోపీ తీసి వితంతువుల వరుస వెనుక నిలబడి ఉన్నాడు. సేయర్ ఒంటరిగా వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో ఆ గోడకు సున్నం కొట్టే చెయ్యి అతనికి మళ్లీ దొరకలేదు.

అగాథా కుంచెలు తుడుచుకుంటుండగా మారిచ్కా చదువుకునే బల్ల దగ్గరి కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి గోడ పక్కన వేసింది.

"ఎక్కు. నీ పేరు రాయి. పెద్దగా రాయవే, ఆ పెద్దమనుషులకి దూరం నుంచే కనబడాలి."

అగాథా కుర్చీ ఎక్కింది. నల్లరంగు ముంచి, నిదానంగా, జానెడేసి అక్షరాలతో రాసింది: అగాథా, లోయ్‌జె జుపాన్ కూతురు.