తల కింద చెయ్యి

డాక్టర్ సుగుణ గారు కన్నుమూశారన్న వార్త శాండీఫోర్డ్‌లో లువాస్ ట్రామ్ ఎక్కబోతుండగా ఫోన్లో తెలిసింది. ఆ ట్రామ్ వెళ్ళిపోయింది, తర్వాతదీ వెళ్ళిపోయింది, నేను నిలబడే ఉన్నాను. జీవితమంతా రోగులను నిద్రపుచ్చి క్షేమంగా మేల్కొలిపిన మత్తు వైద్యురాలు ఇక తాను మేల్కొనరన్న మాటను మనసు ఒప్పుకోలేదు.

అప్పటినుంచి ఇక్కడి తెలుగువారి సంతాప సందేశాలు చదువుతున్నాను. సౌమ్యమూర్తి, సాత్వికురాలు, మితభాషిణి! ఎవరి గురించి రాస్తున్నారో అర్థం కావడం లేదు. నాకు తెలిసిన సుగుణ గారు ఆదివారం మధ్యాహ్నాలు స్వోర్డ్స్‌లోని తమ ఇంట్లో పాత రెజ్లింగ్ టేపులు పెట్టుకుని, "వెయ్ కుర్చీతోని!" అని కేకలు వేసేవారు.

అవి పిల్లల కోసం తీసిన కుస్తీలు కావు. పదేళ్ళ కిందట ఆ వినోదం తన మర్యాదనంతా విప్పి అవతల పారేసిన కాలానివి. బూతులు, బీరు స్నానాలు, యజమానికి మధ్యవేలు చూపే ఉద్యోగులు. వరంగల్‌లో నిష్ఠాగరిష్ఠమైన ఇంట పుట్టిన విదుషికి ఇందులో ఏం రుచించిందని ఒకసారి అడిగాను.

"పొద్దంతా యెస్ సార్ అంటం గద బిడ్డా. వీళ్ళు అనరు," అన్నారు.

"ఇదంతా ముందే అనుకున్న నాటకం కదా మేడమ్?"

టేపు ఆపేశారు. "దెబ్బ నాటకం. నొప్పి గాదు. పడ్డోన్ని గాదు, పడేసినోని చెయ్యి జూడు. తల కింద పెట్టిండు."

పడ్డవాడు కదలకపోతే రెఫరీ వంగి చెయ్యి పట్టుకుంటాడనీ, వాడు ఒకసారి ఒత్తితే బాగానే ఉన్నానని గుర్తనీ ఆమే చూపించారు. ఆ లోకంలో ఇంకో ఆచారం కూడా ఉందట. "కుస్తీ ఇడిచిపెట్టి పొయ్యేటోడు గెలిచి పోవద్దు. ఉండేటోనికి ఓడి పోవాలె." అది కుస్తీ ముచ్చట అనే అనుకున్నాను.

మాంద్యం వచ్చి, ఆమె కింద నేను వైద్యుడిగా పనిచేస్తున్న ఆసుపత్రిలో నియామకాలు ఆగిపోయాయి. నా కాంట్రాక్టు ముగియవస్తోంది. పొడిగించకపోతే భార్యాపిల్లలతో దేశం విడవాలి. సమావేశాల్లో నోరెత్తని నన్ను మా విభాగాధిపతి ఎన్నడూ గమనించినట్టే లేదు. నిరుడు పదవీ విరమణకు ముందు తమ చివరి సమావేశంలో, సుగుణ గారు ఎప్పుడో ముగిసిన ఒక పాత కేసును చర్చకు పెట్టి, ఇప్పుడెవరూ వాడని పద్ధతే సరైనదని పట్టుబట్టారు. పెద్దరికాన్ని గౌరవించి అందరూ ఊరుకున్నారు. ఆమె నావైపు తిరిగి నీ అభిప్రాయమేమిటని అడిగారు. నేను నసుగుతూ కాదన్నాను. ఇక విరుచుకుపడ్డారు. ప్రశ్న మీద ప్రశ్న. జవాబులు చెబుతూ చెబుతూ సగంలో నాకు తట్టింది: ఇవన్నీ ఆమె నేర్పిన జవాబులే. చివరికి, "తప్పు నాదే, ఇతను చెప్పిందే సరి," అని అందరి ముందూ ఇంగ్లీషులో ఒప్పుకుని నాకు చెయ్యి కలిపారు. ఒకసారి ఒత్తారు.

విభాగాధిపతి నా కాంట్రాక్టు పొడిగించారు. పాపం, పెద్దావిడ చివర్లో వెనకబడిపోయిందని సహోద్యోగులు చెవులు కొరుక్కున్నారు. నిజం చెప్పేస్తానంటే ఆమె కసిరారు: "నోరు మూస్కో. చెప్తే ఆట పాడైతది."

మేడమ్, మన్నించండి. ఆట పాడు చేస్తున్నాను. మీరు ఓడిపోయారని ఎవరైనా నమ్ముతుంటే ఊరుకోవడం ఇక నా వల్ల కాదు.

నిన్న స్వోర్డ్స్‌లో ఆఖరి చూపులకు వెళ్ళాను. ఈ దేశపు ఆచారం ప్రకారం జనం బారులు తీరి, ఆమె కూతురికి చెయ్యి కలిపి కదిలిపోతున్నారు. నేను తెరిచి ఉంచిన శవపేటిక దగ్గర ఆగిపోయాను. "గో ఆన్ అంకుల్, హోల్డ్ హర్ హ్యాండ్. యూ ఆర్ గ్రాండ్," అంది ఆ అమ్మాయి. ఇక్కడ గ్రాండ్ అంటే ఏం ఫర్వాలేదని.

పట్టుకున్నాను. ఒకసారి ఒత్తుతారేమోనని ఎదురుచూశాను. వైద్యుణ్ణి అయి ఉండీ ఎదురుచూశాను. అలాంటి గురువు నాకు ఇక దొరకరు. వెనక బారు ఆగిపోయింది. చివరికి నేనే ఒకసారి ఒత్తాను.

బాగానే ఉన్నాను, మేడమ్. ఇది మాత్రం నాటకమే.