అల్ రయ్యాన్ రైల్లో రాజన్న కూత

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దోహా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా లేబర్ క్యాంప్ నుంచి నేనూ రాజన్నా బయల్దేరాం. నాది కడప, ఆయనది నిజామాబాద్ జిల్లా. వాళ్ళ ఊరి పక్కనుంచి పోయే మీటరు గేజి పట్టాలు పీకేస్తున్నారని ఇంటికి ఫోన్ చేసినప్పుడు తెలిసింది. ఆ బండి కూత వింటూ పెరిగిన మనిషి, దిగాలు పడిపోయాడు. అల్ రయ్యాన్‌లో ఒక పార్కులో అచ్చం బొగ్గింజను లాంటి రైలు తిరుగుతోందని విని నేనే లేవదీశాను.

కంపెనీ బస్సులో సూక్ బజారు దాకా, అక్కణ్ణుంచి టాక్సీ. నాలుగింటికి పార్కు గేటు దగ్గర దిగాం. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫ్యామిలీ ఓన్లీ. బ్యాచిలర్ మాఫీ." మాఫీ అంటే ఇక్కడ లేదని; కుటుంబం వెంట లేని మగాళ్ళకు ప్రవేశం లేదట.

"నాకు ముగ్గురు పిల్లలున్నరు, నేనెట్ల బ్యాచిలర్‌నైత?" అన్నాడు రాజన్న తెలుగులోనే.

వెనక ఎవరో పకపకా నవ్వారు. చూస్తే, ఇద్దరు అరబ్ పిల్లల్ని వెంటబెట్టుకున్న తెలుగామె. పేరు సత్యవతి, అమలాపురం వైపు. ఆ పిల్లల ఇంట్లోనే పని. వాచ్‌మన్‌తో అరబ్బీలో గడగడా ఏదో చెప్పింది. అతను మా ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. పోలికలేం దొరికినట్టు లేవు. అయినా తప్పుకున్నాడు.

"ఆయన మా బాబాయి, మీరు మా అన్నయ్య అని చెప్పానండీ," అంది లోపలికి నడుస్తూ. "మా మేడమ్ అదిగో, ఆ బెంచీ మీదున్నారు. గొడవ చేశారంటే నా ఉద్యోగం ఊడిపోద్ది."

సత్యవతీ పిల్లలతో సహా టికెట్లు కొని ఎక్కాం. ఇంజనుకు పొగగొట్టం ఉంది గాని పొగ లేదు. ఖర్జూరపు చెట్ల మధ్యనుంచి, రేకుల సొరంగంలోంచి తిరుగుతుంది. రాజన్న సరిగ్గా డ్రైవరు వెనకే కూర్చున్నాడు. అక్కడ కూత తాడు వేలాడుతోంది.

"భాయ్, ఏక్ బార్?"

శ్రీలంక డ్రైవరు సరేనన్నాడు. రాజన్న తాడు లాగాడు, లాగి వదల్లేదు. చెట్లమీది పిట్టలు లేచిపోయాయి. "బస్, బస్!" అని డ్రైవరు మొత్తుకుంటున్నాడు. వాచ్‌మన్ ఈలలూదుకుంటూ రైలు వెంట పరుగు. సత్యవతి ముఖంలో నెత్తురు చుక్క లేదు. పిల్లలిద్దరూ మాత్రం సీట్లెక్కి గంతులు: "కమాన్ మర్రా! కమాన్ మర్రా!" ఇంకోసారి కావాలట.

రైలాగేసరికి మేడమ్ ఎదురుగా నిలబడి ఉంది. మేం తలలు దించుకుని దిగాం. ఆమె రాజన్నను ఎగాదిగా చూసి, సత్యవతిని ఏదో అడిగి, ఫక్కున నవ్వింది. ఇంకో చుట్టు తిప్పమని డ్రైవరుకు సైగ చేసింది.

"ఏమందమ్మా?" అన్నాను.

సత్యవతి సిగ్గుపడుతూ చెప్పింది: "పోయిన శుక్రవారం వచ్చిన బాబాయి పొట్టిగా ఉన్నాడు కదా, అంటన్నారండీ."

రెండో చుట్టులో రాజన్న బుద్ధిగా, ఒక పొట్టి కూత, ఒక పొడుగు కూత పెట్టాడు. వాళ్ళ ఊరి గేటు దగ్గర బండి అలాగే కూసేదట. దిగాక కళ్ళు తుడుచుకున్నాడు. ఇసక పడిందన్నాడు.

చీకటి పడ్డాక సూక్ దగ్గర సమోసాలు తిని, కంపెనీ బస్సెక్కాం. ఎక్కినచోటే దించే రైలు కోసం ఇంత దూరం రావాలా అంటే, నా మాటగా రావచ్చనే చెబుతాను. "మా బండి కూత గింత సన్నగ లేకుండె," అన్నాడు రాజన్న. ఎట్లా ఉండేదని పక్కసీటాయన అడిగాడు. అంతే, రాజన్న నోటితో ఒక్క కూత పెట్టాడు. మలయాళీ డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేసి, ఎవరది అని వెనక్కి తిరిగాడు.

బస్సులో ఒక్కరూ పేరు చెప్పలేదు.