మావ చెరువులో నా సరుకు

మంచం దిగకుండానే ఒక చెరువును పాడు చేయవచ్చు. ఫోనూ, నెట్ బ్యాలెన్సూ, డిగ్రీ కుర్రాడి తెలివీ ఉంటే చాలు. మూడూ నా దగ్గర పుష్కలంగా ఉన్న రోజుల్లో జరిగిన సర్వనాశనం ఇది.

ఆన్‌లైన్లో సక్కర్ చేపపిల్లల్ని తెప్పించేవాణ్ణి. అక్వేరియం అద్దానికి మూతి అంటించి పాచి నాకే చేప అది. ఫోటోలు గ్రూపులో పెట్టి రాజాంలో అడిగినవాళ్లందరికీ అమ్మాను. ఒకటి నా అద్దాల తొట్టెలో ఉంచుకున్నాను.

"బాగా పెరిగిపోతాదేటి?" అన్నాడు బైకు మెకానిక్ శ్రీను.

"తొట్టెకి తగ్గట్టే పెరుగుతాది బావా."

నాకెవరు చెప్పారని అడక్కండి. అమ్మేవాడికి ఇలాంటివి వాటంతటవే తెలుస్తాయి.

ఏడాది తిరిగేసరికి నా చేప మూరెడయింది. ఒళ్లంతా ముళ్ల పెంకు, చూపు మాత్రం రిటైరైన హెడ్మాస్టరుది. తొట్టెలో వెనక్కి తిరగాలంటే రివర్సు గేరు వేయాల్సిందే. చంపడానికి మనసొప్పలేదు. మా మేనమామ అప్పన్న కౌలుకు తీసుకుని బొచ్చె చేపలు పెంచుతున్న చెరువులో వదిలేశాను. అంత చెరువుకి ఒక్క చేప ఏపాటి? జీవకారుణ్యం కింద నాకు నేనే మార్కులు వేసుకున్నాను.

మరుసటి ఏడాది మామ చెరువులో చేపలు పట్టించాడు. ఏడాది కష్టం నీళ్లలో ఉంది, లారీ గట్టు మీద ఉంది. వల బరువుగా కదిలింది, ఆపైన పర్రున చిరిగింది. బొచ్చెలు ఆ దారిన హాయిగా వెళ్లిపోయాయి. ముళ్లు చిక్కుకుని వలలో మిగిలినవన్నీ హెడ్మాస్టర్లే.

మామ ఒకదాన్ని తోక పట్టి ఎత్తాడు. "ఇదేటిరా? ఎవుడేసినాడు?"

"ఒకటి నాది మావా."

చూడ్డానికొచ్చిన శ్రీను గొంతు సవరించుకున్నాడు. "నాదీ ఒకటుంది. ఒక్కటే గదా అనుకున్నాను."

"నేనూ ఒక్కటే ఏసినాను," అంది వెనకనుంచి ఇంకో గొంతు.

చూద్దును గదా, గట్టు మీదున్నవాళ్లలో సగం మంది నా కస్టమర్లే. అందరూ పాపం ఒక్కొక్కటే వేశారు. చేపలకే ఆ ఒంటరితనం నచ్చక సంసారాలు పెట్టుకున్నాయి.

మామ కొడతాడనుకున్నాను. చిరిగిన వల ఒళ్లో వేసుకుని కూలబడ్డాడు.

"సేపదేటుందిరా తప్పు? పెరగడం దాని పని. ఒకదాన్ని సాకలేనోడివి, ఊరందరికీ ఎందుకు పంచినావు?"

లారీ ఖాళీగానే వెళ్లిపోయింది. కొడితేనే బాగుండేది.

"దారం అట్టుకో," అన్నాడు చివరికి. "ఇకమీద ఎవలి సేప పెరిగినా నీ ఇంటికే తేవాల. సెరువులకి కాదు. ఆ ఫోన్లోనే సెప్పు."

వల కుడుతూనే గ్రూపులో పెట్టాను. అంతవరకు నా పోస్టులకు అంత స్పందన ఎన్నడూ లేదు. మర్నాటికల్లా బకెట్లు, బిందెలు, నీళ్ల డ్రమ్ము నిండిపోయాయి.

"తానం సేయాలంటే ఈటిని బతిమాలాలేటిరా?" అంది అమ్మ.

అందుచేత పాఠకులారా, ప్రాణమున్న సరుకేదీ ఈ జన్మలో ఆన్‌లైన్లో అమ్మనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. చేతిలో నీళ్లు పోసుకుని చేయవలసిన ప్రమాణమే. ఇంట్లో చేప లేని నీళ్లు దొరకలేదు.