ఇద్దరు కుర్రాళ్లకు ఒక పెద్దాయన

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం మీద అభిప్రాయం చెప్పడానికి ఏమాత్రం మొహమాటం ఉండేది కాదు. ఇప్పుడు తెలిసిన విషయం మీద చెప్పాలన్నా భయమే. అమెరికా వచ్చి ఇర్వింగ్ అనే ఊళ్లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, లంచ్ టేబుల్ దగ్గర అందరూ బాస్కెట్‌బాల్ గురించి వాదించుకుంటుంటే నేను పెరుగన్నం డబ్బా ముందు నవ్వు మొహం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇలా అయితే లాభం లేదని మూడు నెలలు పట్టుబట్టి ఆటలు చూశాను. బంతిని ఒక్కసారి కూడా ముట్టుకోకుండానే పండితుణ్ణయిపోయాను.

నాకు గురువు అన్నయ్య. సొంత అన్నయ్య కాదు, మా టీమ్‌లో పదకొండేళ్లుగా ఉన్న గుంటూరాయన. నాకు కారు లేదని రోజూ తన కారులో ఆఫీస్‌కి తీసుకెళ్లేవాడు, అక్కడ పని నేర్పేవాడు, తిరిగొచ్చేటప్పుడు ఆట నేర్పేవాడు. మా ఊరి జట్టులో ముప్పయ్యారేళ్ల స్టార్ ఒకడుండేవాడు. అతనంటే అన్నయ్యకి ప్రాణం. ముందురాత్రి అతను వేసిన బాస్కెట్‌ని హైవే మీద స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో చూపించేవాడు (నేను దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి).

ఇంతలో, ఆటగాళ్లను ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి ఉత్తుత్తిగా మార్చి చూసుకునే వెబ్‌సైట్ ఒకటి నా కంటబడింది. ఇచ్చేవాళ్ల జీతాలూ తెచ్చుకునేవాళ్ల జీతాలూ సరిపోతే ఆకుపచ్చ టిక్ వస్తుంది. ఒక వీకెండంతా వంట కూడా మానేసి, మా స్టార్‌ని ఇచ్చేసి వేరే జట్టు నుంచి ఇద్దరు కుర్రాళ్లను తెచ్చాను. టిక్ వచ్చింది. దానికో ఎక్సెల్ షీట్ తయారుచేశాను. సోమవారం లంచ్‌లో చూపిస్తే మా అమెరికన్ మేనేజర్ ముచ్చటపడి కాన్ఫరెన్స్ రూమ్‌లో పెద్ద స్క్రీన్ మీద పెట్టించాడు. ఇక నేను రెచ్చిపోయాను. మోకాళ్లు పూర్తిగా పోకముందే పంపేయాలన్నాను. ఆయనకిచ్చే జీతానికి ఇద్దరొస్తారన్నాను. అభిమానం వేరు, లెక్క వేరు అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజర్ మాత్రం ఎందుకో సగంలోనే లేచి వెళ్లిపోయాడు. వెనక కుర్చీలో అన్నయ్య ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం కారులో ఆట ఊసెత్తకుండా రేడియో పెట్టాడు. అలిగాడనుకున్నాను. బతిమాలుకోవలసింది పోయి (నా తెలివి అంతటిది) మొత్తం మళ్లీ మొదటినుంచీ వివరించాను.

"మీరే చెప్పండి అన్నయ్యా, ముసలాణ్ణి పట్టుకుని వేలాడితే జట్టు బాగుపడుద్దా?"

"బాగుపడదులేరా," అన్నాడు. లేన్ మారేదాకా ఆగి, "పోయిన గురువారం నన్నూ పిలిచి ఇదే చెప్పారు. నా ప్లేస్‌లో ఇద్దరు కుర్రాళ్లంట. నెలాఖరుకి వాళ్లకి పని అప్పజెప్పేసి వెళ్లాలి," అన్నాడు.

"మరి వీసా?"

"అరవై రోజులు టైముంటది. ఈలోగా ఇంకో ఉద్యోగం దొరకాల, లేకపోతే దేశం వదిలిపోవాల. మీ వదినకి ఇంకా చెప్పలా."

ఎవరా కుర్రాళ్లని అడిగాను. నిజంగానే నాకు తట్టలేదు.

"ఒకడు వచ్చే వారం జాయినవుతాడు," అని రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "రెండోవాడు తొందరగా లైసెన్స్ తెచ్చుకుంటే మంచిది. వచ్చే నెల నుంచి వాణ్ణి ఎవరు దింపుతారు?" అన్నాడు.

ఆ నెలంతా ఆయన నన్ను అదే కారులో తీసుకెళ్లాడు, అంతే శ్రద్ధగా పని నేర్పాడు. క్షమించమని అడగాలని రోజూ అనుకునేవాణ్ణి, రోజూ ట్రాఫిక్ గురించి మాట్లాడేవాణ్ణి. ఆ అరవై రోజుల గడువు ఇంకో వారంలో ముగుస్తుందనగా ఆయనకి ఎక్కడో దూరాన ప్లెయిన్స్‌బరో అనే ఊళ్లో తక్కువ జీతానికి ఉద్యోగం దొరికింది. మా స్టార్‌ని మాత్రం జట్టు ఎక్కడికీ పంపలేదు. ఇంకో రెండేళ్లు కుంటుతూనే ఆడాడు.

నన్ను అన్నయ్య సీట్లో కూర్చోబెట్టారు. ఆయన పొడగరి. ఆ కుర్చీలో కూర్చుంటే నా కాళ్లు నేలకానేవి కావు. పక్కనున్న మీట నొక్కితే కిందికి దిగుతుంది. ఆరు నెలలు నొక్కలేదు. నడుం నొప్పని డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను గానీ దాన్ని ముట్టుకోలేదు. అదే పెద్ద ప్రాయశ్చిత్తమనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు జాలిగా నవ్వొస్తుంది. కుర్చీ దించుకోవడానికి సిగ్గుపడ్డాడు గానీ, కుర్చీని మాత్రం వదల్లేదు.