మిగిలిన రింగు

ముప్ఫై నాలుగేళ్లు ఒకే లేతు మిషన్ మీద ఇనుము తిప్పి చెక్కాడు టర్నర్. కార్ఖానా మూతపడ్డాక ఆ మిషన్‌నే కొని తెచ్చుకున్నాడు. ముందుగదిలో కిటికీ పక్కన దించారు. అంతవరకూ అక్కడ బాబాయి కుర్చీ ఉండేది. కుర్చీ పెరట్లోకి వెళ్లింది. బాబాయి కర్ర టకటకలాడించుకుంటూ దాని వెంట వెళ్లాడు.

ఇల్లు అతని అక్కది.

"నడిస్తే మిషన్, లేకపోతే తుక్కు. రెండు వారాలు చూస్తా. తర్వాత పాత ఇనుము కొనేవాడొస్తాడు," అంది.

"విప్పి బిగించాక ఒక్క ముక్క మిగిలినా తూకానికి వేసెయ్," అన్నాడు టర్నర్. అంత మాట అతన్ని ఎవరూ అడగలేదు.

ఆఖరి మర దాకా విప్పాడు. భార్య ప్రతి ముక్కకూ ఒక పేలిక కట్టి దానిమీద నంబరు రాసింది. ముక్కలన్నీ కిరసనాయిలు బేసిన్లలో మునిగాయి.

"నంబర్లు చెరిగిపోవూ?" అన్నాడు టర్నర్.

"మంచి ఇంకు."

మూడోనాటికి పేలికలన్నీ తెల్లబడ్డాయి.

"శుభ్రం చేయడంలో మీ తర్వాతేనండీ ఎవరైనా," అంది భార్య.

బాబాయి వచ్చి పెద్ద బేసిన్లో కర్ర పెట్టి తిప్పాడు. "ఒరే, ఇవన్నీ మళ్లీ ఒక చోట ఇముడుతాయంటావా?"

"నువ్వు కలపకు బాబాయ్."

తుప్పు గీకాడు. పళ్లచక్రాల సందుల్లోని జిడ్డు పుల్లతో తీశాడు. నంబర్లు లేకపోయినా ప్రతి ముక్కా అతని చేతికి తెలుసు. గురువారానికి బిగించాడు. స్విచ్ వేస్తే గుర్రుమని తిరిగింది. బేసిన్ వంచితే అడుగున ఒక ఇత్తడి రింగు.

మళ్లీ విప్పాడు. శుక్రవారం బిగించాడు. రింగు మిగిలింది. శనివారం కూడా మిగిలింది.

"అది లేకుండానే ఇన్నేళ్లూ నడిచిందేమో," అంది భార్య.

"అయితే ఇన్నేళ్లూ తప్పుగా నడిచినట్టే."

అన్నం సయించలేదు. రింగును కంచం పక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడొచ్చాడో, బాబాయి వెనకే నిలబడి ఉన్నాడు. భార్య చేతిలోని గిన్నె జారింది. ఆ వారంలో అది రెండోసారి.

"ఈయన ఈమధ్య దెయ్యంలా వస్తున్నాడు," అంది అక్క, ఆయన వెళ్లాడనుకుని.

ఆదివారం పాత ఇనుము మనిషి కాటాతో వచ్చాడు. మిషన్ తిరుగుతోంది. అక్క కాసేపు చూసింది.

"నడుస్తోందిగా. ఉండనీ."

"మాటంటే మాటే. ముక్క మిగిలింది. తూకం వెయ్యి," అన్నాడు టర్నర్.

"దేన్ని? రింగునా, మిషన్‌నా?" అన్నాడు కాటా మనిషి. అంతలో ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. బాబాయి అతని భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు.

భార్య ఆయన కర్ర చివర చూసింది. చెక్క కుంచెలా చీలి ఉంది.

"మామయ్యగారూ, దీని రింగు ఏది?"

"ఆవేళ తిప్పినప్పుడే బేసిన్లో జారింది."

"చెప్పలేదేం బాబాయ్?"

"అడిగారా? పైగా చప్పుడు లేకుండా తిరిగితే చాలా సంగతులు తెలిశాయి. దెయ్యం సంగతితో సహా."

అక్క గోడకేసి చూసింది.

టర్నర్ చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు కర్ర."

"ఇవ్వను. నాకిలాగే బాగుంది."

రింగు ఇంకా మిగిలే ఉంది. కాటా మనిషి నేల మీద చతికిలబడ్డాడు.

"నా కుర్చీ లోపలికొస్తే ఆలోచిస్తా," అన్నాడు బాబాయి.

"అక్కడ మిషన్ ఉంది కదా," అంది అక్క.

"పక్కన రెండడుగుల చోటుంది. కొలిచాను. మీకెవరికీ వినపడలేదు."

కుర్చీ లోపలికి తెచ్చారు. టర్నర్ కర్రను మిషన్ చక్‌లో బిగించి, చీలిన చివర కోసి, సన్నగా చెక్కాడు. చెక్కపొట్టు బాబాయి ఒళ్లో రాలింది. రింగు బిగుతుగా కూర్చుంది. టర్నర్ బేసిన్‌ను బోర్లించి, తట్టి చూశాడు. ఏమీ లేదు. కాటా మనిషి కాటా మడిచాడు.

బాబాయి లేచి ఇల్లంతా ఒకసారి తిరిగాడు. టక్. టక్. వంటింట్లో అక్క ఏదో చెబుతున్నదల్లా సగంలో ఆపేసింది.