ముందెవరి చేను?

మా మేనేజరు గారు పోయారని మొన్న పొద్దున్న కబురొచ్చింది. నమ్మబుద్ధి కాలేదు. "ఫోను చెయ్యడానికి తీరిక లేదేటి నీకు?" అని నన్ను చీవాట్లు పెట్టి వారం కూడా కాలేదు.

అనకాపల్లి దగ్గర ఓ చక్కెర మిల్లులో నేను కంప్యూటరు సెక్షన్‌లో ఉండేవాణ్ణి. ఎవరి చెరకు ఏ రోజు నరకాలో ఇకనుంచి కంప్యూటరే తేల్చాలని ఓ ఏడాది హెడ్డాఫీసు వాళ్లు పట్టుబట్టారు. రైతుల్ని, స్టాఫుని కొత్త పద్ధతిలోకి తెచ్చే పని ఆయన నెత్తిన పడింది. కొత్త ప్రోగ్రాం ఏదొచ్చినా ఆయన ముందు టీ తెప్పించి, "ఇది వత్తే ఎవరి పని పాడవుద్ది?" అని అడిగేవారు. ఆ ప్రశ్న హెడ్డాఫీసుకి నచ్చేది కాదు.

నాటిన తేదీని బట్టి కంప్యూటరు రైతుకో నరుకుడు చీటీ ఇస్తుంది. ఆ రోజు దాటితే చీటీ చెల్లదు. మునగపాక వైపు ఓ ఊళ్లో కలిసి పని చేసుకునే రైతుల జట్టంతటికీ ఒకే రోజు పడింది. పడదూ మరి, అందరూ కలిసే నాటారాయె. అక్కడ జట్టంతా ఇవాళ ఒకరి చేను నరికితే రేపు ఇంకొకరిది. ఒక్కరోజే అందరివీ అంటే ఎవరు ఎవరికి సాయం వెళ్తారు? చెరకు చేలోనే ఎండిపోసాగింది.

రైతులు గేటు తోసుకుని మా గది ముందుకొచ్చారు. "ఆ పెట్టెని బయటెయ్యండి, దాని సంగతేటో సూత్తాం" అన్నాడు జట్టు పెద్ద. నేను లోపల గడియ పెట్టుకున్నాను. ఒక్క తేదీ మార్చినా మీ ఉద్యోగం ఉండదని హెడ్డాఫీసు వాళ్లు అప్పటికే మేనేజరు గారికి ఫోనులో చెప్పారు. ఆయన వచ్చి నా తలుపు తట్టారు.

"గడియ తియ్యి నాయనా. లోపలుండి నువ్వేటి మార్చగలవు?"

ఒళ్లు మండింది. అయినా తీశాను.

ఆయన మెట్ల మీద రైతుల మధ్య కూర్చున్నారు. చొక్కా తడిసిపోయింది గానీ గొంతు పెరగలేదు. "కంప్యూటరు ఉంటాది. మీ జట్టు పద్ధతీ ఉంటాది. సెప్పండి, ముందెవరి సేను?"

అంతే, కోపమంతా వాళ్లలో వాళ్ల మీదికే మళ్లింది. నాది ముందంటే నాది ముందని. వరస తేలేదాకా ఆయన లేవలేదు. ఆ వరసలోనే నేను తేదీలు మార్చి చీటీలు తీశాను. మాట నా మీదికి రాకుండా ప్రతి చీటీ మీదా ఆయనే సంతకం పెట్టారు. ఉద్యోగం పోలేదు గానీ, ఆయనకి మళ్లీ ప్రమోషను రాలేదు. దానిమీద నాకు ఇప్పటికీ కడుపుమంటే.

నిన్న శ్మశానానికి ఆ జట్టంతా వచ్చింది. ఒక్కొక్కరే వచ్చి ఆయన నోట్లో కడసారి బియ్యం వేయమన్నారు ఇంటివాళ్లు. జట్టు పెద్ద అలవాటుగా వెనక్కి తిరిగి అడిగాడు.

"ముందెవరు?"

ఎవరూ కదల్లేదు. గుప్పిట్లో బియ్యంతో అందరం అలాగే నిలబడిపోయాం.